కొడితే దారికొస్తాడా, హాస్టల్‌లో వేస్తే బాగుపడతాడా? పిల్లల మొండితనంపై పరిశోధనలు చెప్పేది ఇదీ

కిందటి నెల ఒక ఆదివారం గుంటూరు నుంచి మా ఆపా ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. వాళ్ల అబ్బాయి, అంటే నా మేనల్లుడు, ఏడో తరగతి. ఆ రెండు నెలల్లో స్కూల్ నుంచి మూడోసారి పిలుపు వచ్చింది. పక్కవాడి పుస్తకం చించాడట, టీచర్‌కు ఎదురు మాట్లాడాడట. "ఇంకోసారి జరిగితే టీసీ తీసుకెళ్లండి" అని చెప్పి పంపారు.

సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ మొదలైంది. వాడి దాదీ "నజర్ తగిలింది, దమ్ చేయించండి" అంది. దుల్హాభాయ్ "రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి, మా అబ్బా నన్నట్లాగే పెంచాడు" అన్నాడు. మా భాయ్‌జాన్ అయితే ఫోన్‌లోనే తీర్పు చెప్పేశాడు: "గట్టి హాస్టల్ ఒకటి చూశాను. క్రమశిక్షణ అంటే అక్కడే. పంపేయండి." ఆపా మాత్రం నన్నడిగింది, "నువ్వు పేపర్ల మనిషివి కదా, నువ్వు చెప్పు, ఏం చేయాలి?"

నేను డాక్టర్‌ని కాదు. బీకాం చదివి రిపోర్టింగ్‌లోకి వచ్చినవాణ్ణి. కామర్స్‌లో మాకు నేర్పింది ఒకటే: డబ్బు పెట్టే ముందు దాన్నుంచి ఏం తిరిగొస్తుందో లెక్క చూడాలి. హాస్టల్ ఫీజైనా, దెబ్బయినా, మందయినా పెట్టుబడే. దేనికి ఫలితం ఉంది, దేనికి నష్టం ఉందని కొన్ని వారాలు కూర్చుని చదివాను. డాక్టర్లతో మాట్లాడాను. ఇదే ప్రశ్న మన మొహల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఉంది కాబట్టి ఆపాకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకు?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఆ కేసు మన విశాఖపట్నం నుంచి వెళ్లిందే. నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై తండ్రి చేసిన న్యాయపోరాటం అది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టీచర్లకు ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం కూడదు.

ఆత్మహత్యల నివారణ కోసం వచ్చిన తీర్పు ఇది. అయితే స్కూల్‌లో కౌన్సెలర్ కూర్చున్న రోజు ఆ గది ముందు నిలబడేది దిగులుగా ఉన్న పిల్లలు మాత్రమే కాదు. గొడవ చేసే పిల్లల్నే టీచర్లు ముందు పంపుతారు, ఎందుకంటే క్లాసులో కనిపించేది వాళ్లే. అప్పుడు ఆ పిల్లలతో ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. దీనిమీద ప్రపంచంలో అరవై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అందులో సగం కూడా మన ఇళ్లకు చేరలేదు.

అల్లరి వేరు, సమస్య వేరు

మొదట భయం తగ్గించే మాట. ప్రతి షరారతీ జబ్బు కాదు. రెండు మూడేళ్ల పిల్లలు నేలమీద పడి ఏడవడం, పద్నాలుగేళ్లవాడు తలుపు ధడాల్మని వేయడం వయసు లక్షణాలు. డాక్టర్లు "సమస్య" అనాలంటే కొన్ని కొలతలు ఉన్నాయి. ఎదురుతిరగడం, కోపం, పగబట్టినట్టు ఉండడం కనీసం ఆరు నెలలుగా సాగుతూ ఇంటినో చదువునో స్నేహాలనో పాడు చేస్తుంటే ఒక పేరు పెడతారు. కొట్టడం, దొంగతనం, వస్తువులు పగలగొట్టడం, ఇల్లు వదిలి పారిపోవడం లాంటివి ఏడాదిగా పదే పదే జరుగుతుంటే మరో పేరు పెడతారు.

న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊరు ఉంది. 1972-73లో అక్కడ పుట్టిన 1,037 మంది పిల్లల్ని శాస్త్రవేత్తలు చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా గమనిస్తూనే ఉన్నారు. ఆ సమాచారంతో పనిచేసిన టెర్రీ మాఫిట్ 1993లో ఒక తేడా చూపించారు. చిన్నతనంలోనే మొదలై పెద్దయ్యాక కూడా సాగే సమస్య కొద్దిమందిలో ఉంటుంది. టీనేజ్‌లో మొదలై, ఆ వయసు దాటాక చాలావరకు తగ్గిపోయేది చాలామందిలో ఉంటుంది. అంటే పదిహేనేళ్లకు కొత్తగా దారి తప్పుతున్నట్టు కనిపించే పిల్లవాడి జీవితం అయిపోయినట్టు కాదు. అదే అయిదారేళ్ల వయసులోనే తీవ్రంగా కొడుతూ, కొరుకుతూ ఉంటే "పెద్దయితే పోతుందిలే" అని వదిలేయడమూ సరికాదు. సాయం తొందరగా అందాల్సింది ఆ పిల్లవాడికే.

ఇంకోటి, కోపం వెనక వేరే కారణం దాక్కుని ఉండొచ్చు. చెవి సరిగ్గా వినపడకపోవడం, ఏకాగ్రత లోపం, చదవడంలో ఇబ్బంది, స్కూల్‌లో ఎవరో ఏడిపించడం, ఎవరో పెద్దవాళ్లు చేసిన అఘాయిత్యం, ఇంట్లో మరణం, ఇంట్లో రోజూ తగాదాలు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 13-17 ఏళ్ల వారిలో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వంద మంది ఉన్న క్లాసులో ఏడుగురు. వాళ్లలో కొందరు ఏడుస్తారు, కొందరు బెంచీలు తంతారు.

పరిశోధన మొదట చూపేది పిల్లవాడిని కాదు

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన జెరాల్డ్ ప్యాటర్సన్ 1960ల నుంచి ఇళ్లలోకి వెళ్లి, తల్లిదండ్రులు పిల్లలు మాట్లాడుకునే తీరును నిమిషం నిమిషం రాసుకున్నారు. ఆయన కనిపెట్టింది మన ఇళ్లలోనూ రోజూ జరుగుతుంది.

అమ్మీ "ఫోన్ పెట్టెయ్" అంటుంది. పిల్లవాడు అరుస్తాడు. అమ్మీ ఇంకాస్త గట్టిగా అంటుంది. వాడు ఫోన్ విసిరేస్తాననే దాకా వెళ్తాడు. వంట పొయ్యి మీద ఉంది, మామగారు హాల్లో ఉన్నారు, ఆమెకు ఓపిక లేదు. "సరే, పది నిమిషాలే" అంటుంది. ఇల్లు సద్దుమణుగుతుంది. ఇక్కడ పిల్లవాడు నేర్చుకున్నది, అరిస్తే పని అవుతుందని. తల్లి నేర్చుకున్నది, ఒప్పేసుకుంటే ప్రశాంతంగా ఉంటుందని. ఇంకో రోజు తల్లి ఒక్కటి పీకుతుంది, వాడు ఆగుతాడు. ఆ రోజు కొడితే పని అవుతుందని ఆమె నేర్చుకుంటుంది. ఇలా ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండానే గొడవను పెంచి పోషిస్తారు. ఇందులో చెడ్డ తల్లి లేదు, చెడ్డ పిల్లవాడు లేడు. ఒక అలవాటు ఉంది.

కాబట్టి చిన్న పిల్లల విషయంలో అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్న చికిత్స తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ. ప్యాటర్సన్ బృందం, యేల్ యూనివర్సిటీలో అలన్ కజ్డిన్, సియాటిల్‌లో కేరొలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్, ఆస్ట్రేలియాలో మాథ్యూ శాండర్స్ వేర్వేరు పేర్లతో దాదాపు ఒకే పద్ధతిని తయారు చేశారు. బ్రిటన్ ప్రభుత్వానికి చికిత్సల మీద సలహా ఇచ్చే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 3 నుంచి 11 ఏళ్ల పిల్లలకు దీన్నే ముందు పెట్టింది. పది నుంచి పదహారు సమావేశాలు, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు. ఉపన్యాసాలు కాదు, చేసి చూపించి, తల్లిదండ్రులతో చేయించే సాధన.

అందులో నేర్పేవి వింటే "ఇంతేనా" అనిపిస్తుంది:

రోజూ పది పదిహేను నిమిషాలు పిల్లవాడితో వాడికిష్టమైన ఆట. ఆ సమయంలో సలహాలు లేవు, పరీక్షలు లేవు.

మంచి పని చేసిన క్షణంలో ఏం బాగా చేశాడో చెప్పి మెచ్చుకోవడం. "మంచి పిల్లవాడివి" అని ఊరుకోకుండా "చెప్పగానే టీవీ ఆపావు, షాబాష్" అనాలి.

ఆజ్ఞ ఒక్కటే, స్పష్టంగా, దగ్గరికెళ్లి చెప్పడం. వంటింట్లోంచి అయిదుసార్లు కేక వేయడం కాదు.

చిన్న చిన్న చిరాకు పనుల్ని చూడనట్టు వదిలేయడం. పెద్ద తప్పుకు మాత్రం ముందే చెప్పిన చిన్న శిక్ష, ప్రతిసారీ అదే, కోపం లేకుండా. సైకిల్ ఒక రోజు బంద్, లేదా కొన్ని నిమిషాలు ఒక పక్కన కూర్చోవడం. వారం రోజుల ఫోన్ బంద్ అని అరిచి సాయంత్రానికి ఇచ్చేయడం కంటే ఒక గంట బంద్ అని చెప్పి నిలబడటం మేలు.

"ఇవన్నీ తెల్లవాళ్ల ఇళ్లకు, మన తర్బియత్ వేరు" అని భాయ్‌జాన్ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రాన్సెస్ గార్డ్‌నర్ బృందం 2016లో సరిగ్గా దీన్నే పరిశీలించింది. ఒక దేశంలో పుట్టిన శిక్షణను వేరే సంస్కృతి ఉన్న దేశాల్లో వాడితే ఫలితం తగ్గుతుందా అని చూస్తే, తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో 0-17 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల శిక్షణపై మార్గదర్శకాలు ఇస్తూ పేద, మధ్య ఆదాయ దేశాలకు కూడా దీన్నే సిఫారసు చేసింది.

"మమ్మల్ని కొట్టారు, మేం బాగుపడలేదా?"

దుల్హాభాయ్ మాట ఇది. ఆయన నిజంగానే మంచి మనిషి. కానీ ఆయన బాగుపడింది దెబ్బల వల్లా, దెబ్బలు తిన్నా కూడానా? ఒక మనిషిని చూసి దీన్ని తేల్చలేం. అందుకే ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో 75 అధ్యయనాలను, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. వాళ్లు చూసింది తీవ్రమైన హింస కాదు, మామూలుగా పిర్రమీద చేత్తో వేసే దెబ్బలు. అవి ఎక్కువగా ఉన్నచోట పిల్లల్లో కోపం, ఎదురుతిరగడం, దిగులు ఎక్కువగా ఉన్నాయి. దెబ్బలవల్ల మేలు జరిగినట్టు కనిపించలేదు.

దీనిమీద ఒక అభ్యంతరం ఉంది, దాచకూడదు. గొడవ చేసే పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా, కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో చెప్పడం కష్టం. నిజమే. అయితే పిల్లల మొదటి ప్రవర్తనను లెక్కలోకి తీసుకుని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు కూడా మంచి ఫలితం చూపలేదు. వ్యాపారి లెక్కలో చెప్పాలంటే, లాభం వస్తుందన్న ఒక్క ఆధారమూ లేదు, నష్టం వస్తుందన్న ఆధారాలు గుట్టగా ఉన్నాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో కొట్టొద్దని తేల్చి చెప్పింది.

స్కూల్ విషయంలో అయితే చర్చే లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. "మా వాణ్ణి నాలుగు తగిలించండి సార్" అని టీచర్‌కు మనమే అనుమతి ఇచ్చి వస్తుంటాం. ఆ అనుమతి ఇచ్చే హక్కు మనకు లేదు.

భయపెట్టి బాగుచేయడం: ఒక ఆస్కార్ కథ

ఇప్పుడు భాయ్‌జాన్ హాస్టల్ సంగతికి వద్దాం. కఠినంగా ఉంచితే, భయపెడితే పిల్లలు దారికొస్తారన్న నమ్మకం మనదొక్కటే కాదు. 1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీలో రాహ్వే జైలుకు దారి తప్పుతున్న పిల్లల్ని తీసుకెళ్లేవారు. జీవిత ఖైదీలు వాళ్ల ముఖంలో ముఖం పెట్టి అరిచి, జైలు జీవితం ఎంత ఘోరమో చెప్పేవారు. పిల్లలు ఏడ్చేవారు. దానిమీద 1978లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా అలాంటి కార్యక్రమాలు మొదలయ్యాయి.

తర్వాత జేమ్స్ ఫింకెనావర్ అనే పరిశోధకుడు, వెళ్లిన పిల్లల్ని వెళ్లని పిల్లలతో పోల్చి చూశాడు. జైలు చూసొచ్చిన పిల్లలే ఎక్కువగా మళ్లీ నేరాల్లో పడ్డారు. ఆంథొనీ పెట్రోసినో బృందం ఇలాంటివి తొమ్మిది ప్రయోగాల్ని కలిపి లెక్క వేసింది. ఏమీ చేయకుండా వదిలేయడం కంటే ఈ కార్యక్రమం వల్ల నష్టమే ఎక్కువని తేలింది.

మంచి మనసుతో చేసిన పనీ ఎదురు తిరగొచ్చు. బోస్టన్ దగ్గర 1939లో 506 మంది అబ్బాయిలతో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. సగం మందికి సలహాదారులు, ట్యూషన్, వైద్యం, వేసవి శిబిరాలు ఇచ్చారు. మిగతా సగానికి ఏమీ ఇవ్వలేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ వాళ్లందరినీ వెతికి 1978లో ఫలితం ప్రకటించారు. సాయం పొందినవాళ్లు చాలామంది తమకు మేలు జరిగిందనే చెప్పారు. లెక్కలు మాత్రం కొన్ని విషయాల్లో వాళ్ల పరిస్థితే అధ్వాన్నంగా ఉందని చూపాయి. 1999లో థామస్ డిషన్, మెక్‌కార్డ్ కలిసి దీనికి ఒక కారణం సూచించారు. గొడవ చేసే పిల్లల్ని ఒకచోట చేర్చితే ఒకరిని చూసి ఒకరు నవ్వుతారు, మెచ్చుకుంటారు, కొత్త విద్యలు నేర్పుకుంటారు. పాత ప్రయోగంలో వేసవి శిబిరాలకు పదే పదే వెళ్లిన పిల్లల్లోనే నష్టం ఎక్కువగా కనిపించింది.

హాస్టళ్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. తెలంగాణ మైనారిటీ గురుకులాల్లో చదివి మంచి స్థాయికి వెళ్తున్న పిల్లల గురించి ఇదే సైట్‌లో రాశాం. చదువు కోసం, మంచి టీచర్ల కోసం పిల్లవాడిని ఇష్టంతో హాస్టల్‌కు పంపడం ఒకటి. ఇంట్లో భరించలేక శిక్షగా, "దారికి తెచ్చే" చోటికి పంపడం వేరు. రెండో దానికి పరిశోధనలో ఆధారం లేదు. అలాంటి చోట ఎవరెవరు చేరతారో, అక్కడ ఎవరు ఎవరికి గురువవుతారో ఒకసారి ఆలోచించండి. పైగా ఇంటి అలవాటు అక్కడ మారదు. సెలవులకు వచ్చినప్పుడు అదే వంటిల్లు, అదే ఫోన్, అదే గొడవ.

టీనేజ్ పిల్లల విషయంలో

పెద్ద పిల్లలకు ఒక్క తల్లిదండ్రుల శిక్షణే సరిపోదు. ఇల్లు, స్కూల్, స్నేహితులు అన్నిటితో కలిపి పనిచేయాలని నైస్ చెబుతోంది. అమెరికాలో స్కాట్ హెంగెలర్ తయారుచేసిన అలాంటి పద్ధతిలో నిపుణులు నెలల తరబడి ఇంటికే వచ్చి పనిచేస్తారు. అక్కడ మంచి ఫలితాలు వచ్చాయి. అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో 684 కుటుంబాలతో పరీక్షించి 2018లో ప్రకటిస్తే, అక్కడ మామూలుగా అందే సేవల కంటే అది మెరుగని తేలలేదు. అంటే ఖరీదైనదంతా గొప్పది కాదు. మామూలు సేవలు బాగున్న చోట అవీ పనిచేస్తాయి.

మన దేశంలోనూ ఒక మంచి అధ్యయనం ఉంది. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ పాఠశాలల్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో స్థానికంగా శిక్షణ పొందిన మామూలు వ్యక్తిని కౌన్సెలర్‌గా పెట్టారు. రెండో దాంట్లో అదే కార్యక్రమాన్ని అక్కడి టీచర్‌కే అప్పగించారు. మూడో దాంట్లో అదేమీ లేదు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ఇదీ: కౌన్సెలర్ ఉన్న స్కూళ్లలో వాతావరణం మెరుగైంది, ఏడిపించడం, హింస, దిగులు తగ్గాయి. టీచర్‌కే అదనపు పనిగా ఇచ్చిన స్కూళ్లలో ఏమీ మారలేదు.

సుప్రీంకోర్టు తీర్పు అమలవుతున్న వేళ ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రేపు చాలా స్కూళ్లు చేసే పని ఊహించగలం. పీఈటీ సార్ పేరు పక్కన "కౌన్సెలర్" అని రాసి బోర్డు తగిలిస్తారు. దానివల్ల కాగితం నిండుతుంది, పిల్లలకు ఒరిగేదేం ఉండదు. మరోవైపు, ప్రతి స్కూల్‌కూ పెద్ద డిగ్రీల సైకాలజిస్ట్ దొరకడం లేదని చేతులెత్తేయాల్సిన అవసరమూ లేదు. ఇదే పనికోసం నియమించి, శిక్షణ ఇచ్చి, పైన ఒక నిపుణుడి పర్యవేక్షణ పెడితే స్థానిక డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు. మన మొహల్లాల్లో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఎంతమంది లేరు!

మందుల సంగతి

"ఏదన్నా మాత్ర ఉంటే ఇప్పించు" అంది ఆపా. మొండితనానికి మాత్ర లేదు. ఏకాగ్రత లోపం, విపరీతమైన చురుకుదనం ఉన్న జబ్బును డాక్టర్ నిర్ధారిస్తే దానికి మందులు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. అమెరికాలో 579 మంది పిల్లలతో 14 నెలలు జరిపిన అధ్యయనం 1999లో వచ్చింది. జబ్బు అసలు లక్షణాలకు జాగ్రత్తగా ఇచ్చిన మందు బాగా పనిచేసింది. మందుతోపాటు ప్రవర్తన శిక్షణ కూడా ఇస్తే తక్కువ మోతాదు సరిపోయింది. చాలా తీవ్రమైన హింసాత్మక కోపానికి నిపుణుల పర్యవేక్షణలో కొద్దికాలం ఇచ్చే మందు ఒకటి ఉంది, దానికి బరువు పెరగడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. మామూలు ఎదురుతిరుగుడుకు మందులు వాడొద్దనే నైస్ చెబుతోంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి పిల్లలకు వేయడం ప్రమాదం.

దాదీ చెప్పిన దమ్, దువా సంగతి. దువా చేయండి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ వేలకు వేలు తీసుకుని "అసర్ ఉంది" అని పిల్లవాడిని గదిలో పెట్టి పొగ వేసే, కొట్టే వాళ్ల దగ్గరకు వద్దు. అక్కడ పోయేది డబ్బు ఒక్కటే కాదు, సాయం అందాల్సిన నెలలు పోతాయి.

ఎవరు చేయాలి ఈ పని?

ఇంతా చదివాక నాకు ఒకటి గుచ్చుకుంది. ఈ శిక్షణ భారమంతా తల్లి మీదే పడుతుంది. మన ఇళ్లలో చాలామంది తండ్రులు సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటారు. రాత్రి వీడియో కాల్‌లో తల్లి ఫిర్యాదులు చెబుతుంది, తండ్రి అక్కడినుంచి అరుస్తాడు, కాల్ అయిపోతుంది. పిల్లవాడికి తండ్రి అంటే రోజూ పది నిమిషాల తిట్టు. ఆ పది నిమిషాల్లో మొదటి అయిదు పిల్లవాడి క్రికెట్ గురించో బొమ్మ గురించో మాట్లాడితే ఖర్చేమీ లేదు.

తల్లి ఆరోగ్యం కూడా చికిత్సలో భాగమే. డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటున్న తల్లుల్ని, వాళ్ల పిల్లల్ని 151 జంటల్ని మిర్నా వైస్‌మన్ బృందం గమనించి 2006లో ఫలితం చెప్పింది. మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్లలో పిల్లల సమస్యలు తగ్గాయి, తల్లి కోలుకోని ఇళ్లలో పెరిగాయి. "నీ కొడుకును చూసుకోలేకపోతున్నావు" అని కోడల్ని దెప్పే ముందు, ఆమె రాత్రి నిద్రపోతోందా అని ఎవరైనా అడగాలి.

ఎక్కడికి వెళ్లాలి?

టెలి మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలపై హింస, వేధింపు ఉంటే 1098. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉన్నాయి. "పిచ్చాసుపత్రి" అన్న మాటే మనల్ని అక్కడికి పోనివ్వదు. పిల్లవాడి ఇజ్జత్ పోతుందని ఆగుతాం, టీసీ చేతికొచ్చాక ఏ ఇజ్జత్ మిగులుతుంది? మరీ క్లిష్టమైన కేసులకు బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది.

స్కూల్‌లో అడగాల్సినవి మూడు. మీ కౌన్సెలర్ ఎవరు, ఆ పనికి ఏ శిక్షణ ఉంది? వాళ్లకు వేరే క్లాసులు అప్పగించారా? గొడవ జరిగినప్పుడు ఏ పీరియడ్‌లో, దేని తర్వాత జరిగిందో రాసి పెడుతున్నారా?

మూడో ప్రశ్న నేను పుస్తకంలో చూసి రాసింది కాదు. ఆపాను మేనల్లుడి స్కూల్ డైరీ ఫొటోలు పంపమన్నాను. అకౌంట్స్ పుస్తకం చూసినట్టు ఒక్కో రిమార్క్ తేదీ, పీరియడ్ కాగితం మీద రాశాను. ఏడు రిమార్కులు. అందులో ఆరు ఇంగ్లిష్ పీరియడ్‌లో. అది కూడా లేచి పైకి చదవమన్న రోజుల్లో. మూడో పిలుపుకు కారణమైన పుస్తకం చించిన రోజు, వాడు చదువుతుంటే పక్కవాడు నవ్వాడు.

ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించారు. వాడికి అక్షరాలు చదవడంలో నిజమైన ఇబ్బంది ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. ఇన్నేళ్లూ వాడు అందరికీ "బద్తమీజ్". చదవడం రాదని తెలియడం కంటే బద్తమీజ్ అనిపించుకోవడమే వాడికి నయం అనిపించి ఉంటుంది.

ఆరు వారాలు అయింది. దుల్హాభాయ్ రోజూ రాత్రి పావుగంట వాడితో క్యారమ్స్ ఆడుతున్నాడు. కొట్టడం మానేశానని అంటున్నాడు, ఒకసారి చెయ్యి లేచిందని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. తలుపులు ఇంకా ధడాల్మంటూనే ఉన్నాయి, కాకపోతే వారానికి ఒకటి రెండుసార్లు. ఇంగ్లిష్ టీచర్ వాడిని అందరి ముందు చదివించడం ఆపారు. హాస్టల్ ఫారం భాయ్‌జాన్ దగ్గర ఇంకా ఉంది. వచ్చే ఏడాది చూద్దామంటున్నాడు. ఆపా మాత్రం "వాణ్ణే అడుగుదాం" అంటోంది.